పేర్లు పడుతున్నంతసేపూ

కింది వాటా ఆవిడ అన్నదట, "సొంత అన్నకి లివర్ పాడైపోయి అవస్థ పడుతుంటే ఈ మహానుభావుడికి ముసుగు మనుషుల సినిమా కావాల్సొచ్చిందా? పోనీ తనొక్కడే పోతాడా అంటే, ఆ జబ్బు మనిషిని కూడా రెక్కపట్టుకుని లాక్కెళ్తున్నాడు" అని. అన్నది నేరుగా అతనితో కాదు, ఇస్త్రీ అతనితో. ఇస్త్రీ అతను చొక్కాలతోపాటు ఆ మాటనీ నలగకుండా మడతపెట్టి తెచ్చి ఆ మహానుభావుడి భార్యకి అప్పగించాడు. భార్య, అతను గుమ్మంలో కూర్చుని బూట్ల తాళ్ళు కట్టుకుంటుంటే, తనకేమీ పట్టనట్టు చెవిన పడేసింది. "ఆవిడ అన్నదని చెప్తున్నా, నేనన్నానని కాదు" అని కూడా చేర్చింది. నేనన్నానని కాదు అన్నదాంట్లోనే ఆమె అన్నదంతా ఉంటుందని ఇన్నేళ్ళ కాపురంలో అతనికి బాగా తెలుసు.

ఆ మాట ఇప్పుడు, మధ్యాహ్నం ఆటలో, చల్లటి చీకట్లో, తెర మీద ఒక మహానగరం పేకమేడలా కూలుతున్నప్పుడు కూడా అతని చెవి దగ్గర ఈగలా తిరుగుతోంది. తోలినకొద్దీ వస్తోంది. ఆకాశానికి చిల్లు పడింది. ఈమధ్య ఏ సినిమా చూసినా ఆకాశానికి ఒక చిల్లు, చిల్లులోంచి కిందికి నీలం వెలుగు, వెలుగు వెంబడి పురుగుల్లాంటి సైన్యం, కింద తలో దిక్కూ పరుగెత్తే జనం, ఆ జనంలో ఒక చిన్నపిల్ల చేతిలోంచి జారే బొమ్మ. బొమ్మ జారుతుందని అతనికి ముందే తెలుసు. జారింది. ఒకప్పుడైతే లోకం అంతమైపోతోందంటే కుర్చీ చేతులు గట్టిగా పట్టుకునేవాడు. ఇప్పుడు లోకం అంతం కావడం ఇంట్లో కరెంటు పోయినట్టుంది, పోతుంది, కాసేపాగితే వస్తుంది, ఆ కాసేపూ ఎవరో ఒకరు జోకు వేస్తారు. ఇంత పెద్ద మేడలు కూలుతున్నా ఎవరి నెత్తిమీదా దుమ్ము పడదు. మొన్నామధ్య చూసినదాంట్లో మూడు లోకాలు ఒకదాన్నొకటి గుద్దుకున్నాయి, ఆ గుద్దుకోవడం ఎందుకో తెలియాలంటే అంతకుముందు వచ్చిన సీరియల్ చూసి ఉండాలట, ఆ సీరియల్ తెలియాలంటే దానికి ముందుది. అభిమానం కాస్తా హోంవర్కు అయిపోయింది. అయినా వస్తూనే ఉన్నాడు, అలవాటైన ఇంటికి కాళ్ళు వాటంతటవే నడిచినట్టు, మొదటి రోజు కుదరకపోతే రెండో రోజు, అన్నయ్యతో. ఎప్పుడూ అన్నయ్యతోనే.

పక్క సీట్లో అన్నయ్య ఊపిరి వినిపిస్తోంది. తెర మీద అంత గోల జరుగుతున్నా అది విడిగా వినిపిస్తోంది, పాత కుట్టుమిషను ఎవరో నెమ్మదిగా తొక్కుతున్నట్టు, మధ్యలో దారం తెగినట్టు ఆగి, మళ్ళీ. అన్నయ్య దర్జీ. కడుపులో నీరు చేరి చొక్కా బొత్తాలు పట్టనప్పుడు కొత్తది కొనుక్కోమంటే వినలేదు, తన చొక్కా పక్క కుట్లు తనే విప్పుకుని, రెండు వైపులా వేరే గుడ్డ పట్టీలు అతికి కుట్టుకున్నాడు, అతికినట్టు చెప్తే తప్ప తెలియదు. "చూశావా, మనిషి చెడినా పని చెడలేదు" అన్నాడు. పచ్చబడిన కళ్ళు ఈ త్రీడీ అద్దాల వెనక కనపడటం లేదు. లోపలికి రాగానే అవి పెట్టుకుని, "ఇవి భలే ఉన్నాయిరా చిన్నోడా, ఇలాగే ఇంటికి పోదాం. మీ వదిన నా మొహం చూసి జడుసుకోకుండా ఉంటుంది" అన్నాడు. నవ్వాడు. అతనూ నవ్వాడు. నవ్వుతూనే తన కుడివైపు పక్కటెముకల కింద, పొట్టమీద చెయ్యి పెట్టుకున్నాడు. ఈమధ్య తెలియకుండానే చెయ్యి అక్కడికి పోతోంది, జేబులో ఏదో దొంగ సొత్తు ఉన్నట్టు, ఉందో లేదో తడుముకుంటున్నట్టు.

అక్కడే డాక్టరమ్మ వేలితో గీత గీసి చూపించింది. ఇక్కణ్ణుంచి ఇక్కడికి. ఇంత ముక్క. రాత్రిపూట కూతురు తల ఆనించి పడుకునే చోటు కూడా సరిగ్గా అదే. ముక్క కోసి ఇచ్చాక మీలో మిగిలింది కొన్ని నెలల్లో మళ్ళీ పెరుగుతుంది, మీ అన్నయ్యలో పెట్టిందీ పెరుగుతుంది, అని ఆమె అన్నప్పుడు అతనికి నవ్వొచ్చింది, తెగిన చెయ్యి తెల్లారేసరికి మొలిచే వీరుణ్ణి చూసి అన్నయ్యా తనూ ఎన్నిసార్లు ఈలలు వేశారో గుర్తొచ్చి. ఆ నవ్వు చూసి ఆమె అతన్ని ధైర్యవంతుడనుకుంది. కాదని ఎలా చెప్తాడు? ఆమె తర్వాత అతని భార్యని బయట కూర్చోమని, తలుపు దగ్గరికి వేసి, కుర్చీ ముందుకు జరుపుకుని గొంతు తగ్గించింది. "పరీక్షలన్నీ అయ్యాయి. మీది చక్కగా సరిపోయింది. కానీ సరిపోయింది కాబట్టి ఇచ్చి తీరాలని లేదు. ఇష్టం లేకపోతే నాకొక్కమాట చెప్పండి, చాలు. ఇంట్లోవాళ్ళకి నేను చెప్పుకుంటాను, మీ రక్తనాళాలు ఉన్న తీరు కుదరలేదు, కోస్తే ఇద్దరికీ ప్రమాదం అని. మీరు వద్దన్నారని ఈ గది బయట ఎవరికీ తెలియదు. ఇది మీకోసం కొత్తగా చేస్తున్నది కాదు. ఇక్కడికొచ్చే ప్రతివాళ్ళకీ ఈ తలుపు తెరిచే ఉంచుతాం. బలవంతంగా ఎవరి ఒంటి మీదా కత్తి పెట్టం" అంది. మంచి మనిషి. అంత మంచిగా చెప్పకపోయి ఉంటే ఎంత బాగుండేది. తలుపు లేని గదిలో మనిషి గోడకి ఆనుకుని కూర్చుంటాడు, తలుపు ఉందని తెలిశాక ఎలా కూర్చుంటాడు? ఈ సాయంత్రంలోగా ఫోన్ చెయ్యాలి. ఇంట్లో మాత్రం, రిపోర్టు ఇంకా రాలేదు అని చెప్తూ వస్తున్నాడు. అందరూ నమ్మారు. వదినది అంతకుముందే కుదరలేదన్నారు, ఆరోజు ఆసుపత్రి వరండాలో వదిన ఏడ్చిన ఏడుపుకి పక్కనున్న వేరే రోగుల బంధువులు కూడా కళ్ళు తుడుచుకున్నారు. చనిపోయినవాళ్ళ నుంచి వచ్చేదాని కోసం వరుసలో అన్నయ్య పేరు ఉంది, ఉందంటే ఉంది. ఆ వరుస కదిలేలోగా అన్నయ్య ఉండడని డాక్టరమ్మ ఆ మాటలతో అనలేదుగానీ కిటికీలోంచి బయటికి చూసింది. ఇక తనే మిగిలాడు.

తెర మీద లిఫ్టు తాడు తెగింది. అతని వెన్ను నిటారైంది. పెద్ద మేడ, లిఫ్టులో తల్లీ పిల్లలూ, పైన మెరుపులు, తాడు పురి విడిపోయి టప్పున తెగింది, పెట్టె కిందికి, కిందికి, జనం కేకలు. అతను లిఫ్టుల మెకానిక్కు. లిఫ్టు అలా పడదు. తాడు ఒకటి ఉండదు, నాలుగైదు ఉంటాయి, అన్నీ ఒక్కసారి తెగినా వేగం హద్దు దాటేసరికి పెట్టె అడుగున ఉన్న ఇనప దవడలు పక్క పట్టాలని కరిచి పట్టుకుంటాయి, కుక్క పిక్క పట్టినట్టు. ఇది ప్రతి సినిమాలోనూ తప్పే. మామూలుగా అయితే ఇలాంటి చోట అన్నయ్య మోచేత్తో పొడిచి, "మీ శాఖ వచ్చిందిరా, లేచి నిలబడు" అంటాడు. ఇవాళ మోచెయ్యి రాలేదు. తిరిగి చూశాడు. నిద్రపోలేదు, చూస్తున్నాడు, కానీ పొడవడానికి కావలసినంత ఓపిక కూడా ఆ చేతిలో లేదు. ఎర్ర చేతితొడుగుల వీరుడు ఒంటి చేత్తో ఆ పెట్టెని పట్టి ఆపాడు, వెనక ఎవరో ఈల వేశారు. అతనికి ఈల రాలేదు. అతను లిఫ్టు గోతిలోకి దిగే ముందు మెయిన్ స్విచ్ ఆపి, దానికి తన సొంత తాళం వేసి, తాళంచెవి జేబులో పెట్టుకుంటాడు. ఎవరెంత తొందరపెట్టినా అది చెయ్యకుండా దిగడు. లోపల తానుండగా పైన ఎవడో తెలియక మీట నొక్కితే పెట్టె వచ్చి నెత్తిన కూర్చుంటుంది, ఇంకో మాట లేదు. కొత్తవాళ్ళకి మొదటి రోజు నేర్పేది కూడా ఇదే, నీ ప్రాణం తాళంచెవి నీ జేబులో ఉండాలి, నీ మేస్త్రీ జేబులో కాదు, నీ బావమరిది జేబులో కాదు. ఆ ఆపరేషన్ బల్ల మీద పడుకోబెట్టి మత్తు ఇచ్చాక తాళంచెవి ఎవరి జేబులో ఉంటుంది? ఆ గౌన్లకి అసలు జేబులే ఉండవు. అతని భయమంతా అక్కడ ఉంది. నొప్పి కాదు, చావు కూడా కాదేమో. తను లేని గంటల్లో తన ఒళ్ళు తెరిచి ఉండటం. భార్యతో అంటే, "నేను ఇమ్మనను, వద్దనను. రేపు నీకేమైనా అయినా, ఆయనకేమైనా అయినా, నన్ననకు" అంది. ఆమె తాళంచెవి ఆమె జేబులో వేసుకుంది. ఆమె తప్పేముంది?

చిన్నప్పుడు అన్నయ్య సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని తీసుకెళ్ళేవాడు. కడ్డీ ఒరుసుకుని తొడలు మండేవి. ఆ సినిమాల్లో వాళ్ళు మాట్లాడే భాష ఇద్దరికీ రాదు, కింద అక్షరాలు పడేవి, అవి అతను కూడబలుక్కునేలోగా మాయమైపోయేవి. అందుకని అన్నయ్య చెవిలో చెప్పేవాడు. హీరో ఏమన్నాడు, విలన్ ఏమన్నాడు, ఆ ముసలాయన ఎందుకు ఏడుస్తున్నాడు. అన్నయ్య నోటి ఆవిరి చెవికి వెచ్చగా తగిలేది, బఠాణీల వాసన. మేడ అంచున నిలబడి దూకే ముందు హీరో ప్రతి సినిమాలోనూ ఒకే మాట అనేవాడు, "నాకు భయంగా ఉందర్రా, అయినా ఇంకెవరూ లేరు కదా". ఆ మాటకి అతని గుండె నీరైపోయేది. ఎన్నో ఏళ్ళ తర్వాత, పెళ్ళయ్యాక, అదే పాత సినిమా ఇంట్లో పెట్టుకుని చూస్తే ఆ చోట హీరో అలాంటిదేమీ అనలేదు. "పక్కకి తప్పుకోండి, నేను చూసుకుంటా" అన్నాడు, అంతే, మొహంలో కండరం కూడా కదల్లేదు. ఏ సినిమాలోనూ ఎవడూ అనలేదు. దుకాణానికి పోయి అన్నయ్యని నిలదీస్తే, టేపు మెడలో వేసుకుని, సుద్దముక్కతో గుడ్డ మీద గీత గీస్తూ, తలెత్తకుండానే, "చప్పగా ఉండిందిరా. భయం లేనోడు దూకితే అందులో ఏముంది, గోడ మీంచి పిల్లి కూడా దూకుతుంది. అందుకని కాస్త కలిపా" అన్నాడు. అంటే తన చిన్నతనంలోని వీరులందరూ అన్నయ్యే. వాళ్ళ భయాలన్నీ అన్నయ్య కుట్టినవే. అస్తరు గుడ్డతో అతనికో ముసుగు కూడా కుట్టిచ్చాడు ఒకసారి, కళ్ళ కన్నాలు కాస్త దగ్గరగా పడ్డాయి, ముందుకే కనిపించేది, పక్కన ఎవరున్నారో కనిపించేది కాదు.

ముసుగు. వాళ్ళు ముసుగు ఎందుకు వేసుకుంటారు? చేసిన మంచి తమదని తెలిస్తే ఇంట్లోవాళ్ళకి ముప్పని. అతనికి డాక్టరమ్మ ఇస్తానన్నదీ ముసుగే. అందులోంచి బయటికి కనిపించేది ఏమిటి? పాపం తమ్ముడు ఇవ్వాలనే అనుకున్నాడు, ఒళ్ళే ఒప్పుకోలేదు. కింది వాటా ఆవిడ కూడా జాలి పడుతుంది. ఇస్త్రీ అతను ఆ జాలిని కూడా మడతపెట్టి తెస్తాడు. అన్నయ్య భుజం తట్టి, నీ తప్పేముందిరా అంటాడు. ఆ తట్టడం తట్టుకుని బతకాలి. తట్టుకోవచ్చు. మనిషి దేన్నైనా తట్టుకుంటాడు. ఛీ, ఏమిటీ ఆలోచన, అన్నయ్య ఇక్కడ పక్కనే ఊపిరి తీసుకుంటున్నాడు, తనేమో ఆయన పోయాక తనని ఎలా ఓదార్చుకోవాలో లెక్కలు వేసుకుంటున్నాడు.

తెర మీద ఆ ఎర్ర చేతితొడుగుల వీరుడు చనిపోయాడు. చెల్లెలి ఒళ్ళో తల పెట్టుకుని, ఒక మంచి మాట చెప్పి, కళ్ళు మూశాడు. సంగీతం వచ్చింది. హాల్లో ఎవరూ కదల్లేదు, ఏడవనూలేదు, ముందు వరసలో ఒకడు ఫోన్ చూసుకుంటున్నాడు. ఎందుకు ఏడుస్తారు? మొదటిసారి ఇలాంటి వీరుడొకడు చనిపోయినప్పుడు అన్నయ్యా తనూ, మీసాలొచ్చిన ఇద్దరు మొగాళ్ళు, వెక్కివెక్కి ఏడ్చారు, బయటికొచ్చి ఒకరి మొహం ఒకరు చూసుకోలేక చెరో దిక్కూ తిరిగి నిలబడ్డారు. ఏడాది తిరక్కుండా వాడు మళ్ళీ వచ్చాడు. చచ్చింది వీడు కాదట, పక్క లోకంలో ఇంకో వీడున్నాడట. "మరి మనం ఏడ్చిన ఏడుపో? దాన్నెవరు వెనక్కిస్తారు?" అని అన్నయ్య నిజంగానే కోపం తెచ్చుకున్నాడు. "చావుకి కూడా మర్యాద లేకుండా చేశారు" అన్నాడు. అదుగో, ఇప్పుడూ అదే. ఆకాశం చిల్లులోంచి ఇంకొకడు దిగాడు, అదే మొహం, వేరే రంగు దుస్తులు. వెనక చప్పట్లు. ఎన్ని లోకాలో, ఎంతమంది వాళ్ళో. ఏదో ఒక లోకంలో ఉన్న తను ఈపాటికి సంతకం పెట్టేసి, గౌను కట్టుకుని, చక్రాల మంచం మీద ఉండి ఉంటాడు. ఇంకో లోకంలో వాడు ఫోన్ చేసి వద్దని చెప్పేసి హాయిగా నిద్రపోతుంటాడు. మరో లోకంలో, ఇదే గుచ్చుకుంటోంది, ఇదే వద్దనుకున్నా వస్తోంది, మరో లోకంలో పసుపు కళ్ళు తనవి, గీత గీసింది అన్నయ్య పొట్ట మీద. అక్కడ అన్నయ్య ఏమంటాడో అతనికి తెలుసు. టేపు మెడలోంచి తీసి డాక్టరమ్మ చేతికిచ్చి, "ఎంత కావాలో కొలుచుకోండమ్మా, కాస్త ఎక్కువే తీసుకోండి, కుట్లలోకి పోతుంది" అంటాడు. నవ్వుతూ అంటాడు. ఆ తలుపు సంగతి ఆమె చెప్తే, గాలి వస్తోంది మూసెయ్యండి అంటాడు.

అలా అంటాడా నిజంగా? ఏమో. అన్నయ్యకి మాత్రం భయం ఉండదా? ఆ వీరుల నోట్లో పెట్టిన భయం ఎక్కణ్ణుంచి తెచ్చాడు మరి?

ఇస్తాను. అంతే, ఇస్తాను. అది పెద్ద మాటేం కాదు, రెండు పెదాలు విడిపోతే చాలు. లైట్లు వెలగ్గానే చెప్పెయ్యాలి. మెట్లు దిగేటప్పుడు కాదు, ఆటోలో కాదు, ఇక్కడే. ఇక్కడైతే అన్నయ్య అద్దాలు పెట్టుకుని ఉంటాడు, కళ్ళలోకి చూడనక్కర్లేదు. కూతురు తల ఇంకో పక్కన పెట్టుకుని పడుకుంటుంది కొన్నాళ్ళు. పిల్లలు అలవాటు పడతారు. తెర మీద ఆఖరి యుద్ధం చీకట్లో బురదలో జరుగుతోంది, ఎవరు ఎవర్ని కొడుతున్నారో తెలియడం లేదు, అతను కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని కూర్చున్నాడు. ఆకాశం చిల్లు పూడిపోయింది. ఎవరు పూడ్చారో అతను చూడలేదు.

పేర్లు పడటం మొదలైంది. జనం లేచారు, ఒళ్ళు విరుచుకుంటూ, పాప్‌కార్న్ డబ్బాలు కాళ్ళతో తంతూ. వీళ్ళిద్దరూ లేవలేదు. పేర్ల చివర ఓ చిన్న ముక్క చూపించడం అన్నది ఈమధ్య వచ్చిన ఆచారంగానీ, అది లేని రోజుల్లోనూ ఈ అన్నదమ్ములు లేచేవాళ్ళు కాదు. దుస్తులు కుట్టినవాళ్ళ పేర్లు వచ్చేదాకా అన్నయ్య కదిలేవాడు కాదు. చదవడానికి నోరు తిరగని ఆ పేర్లని వేలితో చూపించి, "అదుగో మనవాళ్ళు" అనేవాడు. ఫైటర్లకి గాల్లో తాళ్ళు కట్టినవాళ్ళ పేర్లు వచ్చినప్పుడు, "అదుగో మీవాళ్ళు" అనేవాడు. ఈ సినిమాల్లో సగం దుస్తులు కంప్యూటర్లోనే వేస్తారని తెలిశాక కొన్నాళ్ళు అలిగాడు. "జిప్పు లేదు, బొత్తాం లేదు, కుట్టు కనపడదు. వీడు ఒంటికి పోవాలంటే ఎలా పోతాడ్రా? అది అడగడానికి ఒక్కడూ లేడు" అని. ఇవాళ వేలు లేవలేదు. మనవాళ్ళు పైకి వెళ్ళిపోయారు. ఊడ్చేవాళ్ళు కింది వరసల్లో మొదలుపెట్టారు, లైట్లు సగం వెలిగాయి.

"డాక్టరమ్మ ఫోన్ చేసిందా?" అన్నాడు అన్నయ్య, తెర వైపే చూస్తూ.

ఇప్పుడు. ఇదే. అతను ఊపిరి తీసుకున్నాడు. ఇస్తాను అన్న మాట నాలుక చివర తడిగా, బరువుగా, సిద్ధంగా ఉంది. నోరు తెరిచాడు.

"చేసింది అన్నయ్యా."

"ఏమంది?"

"అంతా బాగానే ఉందంది. కానీ నా రక్తనాళాలు ఉన్న తీరు కుదరలేదంట. కోస్తే ఇద్దరికీ ప్రమాదమంట."

ఎవరో పక్కన కూర్చుని తన చెవిలో చెప్తుంటే తను తిరిగి అప్పజెప్పినట్టు వచ్చేసింది. ఇది తను అన్నాడా? వెనక్కి తీసుకోవచ్చా, ఇంకా సమయం ఉందా, తెర మీద ఎవరెవరివో పేర్లు, ఒక్కటీ చదవలేకపోతున్నాడు, చిన్నప్పటిలాగే కూడబలుక్కునేలోగా మాయమైపోతున్నాయి. అన్నయ్య తల ఊపాడు, నెమ్మదిగా. అద్దాలు తీసి, తుడిచి, కాడలు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. పచ్చటి కళ్ళతో అతని వైపు తిరిగాడు. ఆ కళ్ళలో కోపం ఉంటే బాగుండునని అతను వెతికాడు.

"అచ్చం ఈ ముక్కే మీ వదినకీ ఇచ్చారు" అన్నాడు అన్నయ్య. "నువ్వు ఇంకోటేదైనా అడిగి తెచ్చుకోవాల్సిందిరా."